పంపు తిరిగింది సరే, మందు చేరిందా?

పాల ఫ్యాక్టరీలో అర్ధరాత్రి దాటాక సైలో కడగడం దగ్గరుండి చూడని ఇంజనీరుకు డోసింగ్ సిస్టమ్ డిజైన్ చేసే పని అప్పగించకూడదు. ఈ మాట మొదట్లోనే చెప్పేస్తున్నాను. తర్వాత వచ్చే లెక్కలన్నీ దీని మీదే నిలబడి ఉన్నాయి.

మీరు డిప్లొమానో బీటెక్కో పూర్తిచేసి, డెయిరీలోనో పళ్లరసాల ప్లాంటులోనో చేరి ఏడాదో రెండేళ్లో అయి ఉంటుంది. ఒకరోజు మేనేజరుగారు పిలిచి, "ఈ క్యాన్లు మొయ్యడం, మగ్గులతో కాస్టిక్ పొయ్యడం ఇంకెన్నాళ్లయ్యా, ఆటోమేటిక్ చేసెయ్" అంటారు. మీ చెయ్యి వెంటనే పంపుల కేటలాగు మీదికి పోతుంది. దాన్ని పక్కన పెట్టి, ముందు ఒక వారం రాత్రి షిఫ్టుకు వెళ్లండి.

ఆపరేటరు ఎంత పోస్తున్నారో రాసుకోండి. దానికంటే జాగ్రత్తగా, ఎప్పుడు ఆపుతున్నారో చూడండి. పాతకాపులు కొందరు ట్యాంకు నుంచి తిరిగొచ్చే నీళ్లను రెండు వేళ్ల మధ్య రుద్ది చూస్తారు. జిడ్డుగా జారితే మందు ఉన్నట్టు, లేకపోతే చాలనట్టు. "ఇంకో అర క్యాన్ పడాలి సార్" అని మీరు అడక్కుండానే చెబుతారు. కాస్టిక్ చర్మాన్ని తినేస్తుంది కాబట్టి ఆ అలవాటు మాన్పించాల్సిందే. కానీ ఆయన పరీక్షిస్తున్న చోటు సరైనది. మందు పోసిన చోట కాకుండా, అది ట్యాంకంతా తిరిగి బయటికొచ్చే చోట చూస్తున్నారు. లక్షలు పోసి పెట్టిన ప్యానెళ్లలో ఈ పాటి వివేకం లేకపోవడం నేను చాలాసార్లు చూశాను. పంపు అయిదు నిమిషాలు తిరిగింది కాబట్టి మందు పడ్డట్టేనని ప్రోగ్రాము నమ్ముతుంది. క్యాన్ ఖాళీ అయినా, సక్షన్ గొట్టంలో గాలి చేరినా పంపు తిరుగుతూనే ఉంటుంది. తెర మీద వాష్ పూర్తయిందని పచ్చరంగు వెలుగుతుంది. తెల్లారేసరికి ఆ సైలోలోకి పాలు దిగుతాయి. ఆ పాలు ఎక్కడో ఒక ఇంట్లో పసిపిల్లల గ్లాసులోకి వెళ్తాయి.

అందుకే డిజైన్‌లో ప్రతి అడుగు పక్కన ఒక ప్రశ్న రాయండి: ఇది జరిగిందని యంత్రానికి ఎలా తెలుస్తుంది? జవాబు లేని అడుగు దగ్గర ఒక సెన్సరైనా ఉండాలి, ఒక మనిషైనా ఉండాలి.

ముందు మురికి సంగతి

పాలు ఖాళీ చేసిన ట్యాంకు గోడకు కొవ్వు, ప్రోటీను, ఖనిజ లవణాలు అంటుకుని ఉంటాయి. మొదటి రెండూ వేడి కాస్టిక్‌కు లొంగుతాయి. కొవ్వు సబ్బుగా మారుతుంది, ప్రోటీను ఉబ్బి వదులవుతుంది. కాల్షియం ఫాస్ఫేటు మాత్రం కాస్టిక్‌ను లెక్కచెయ్యదు. తెల్లటి పొరగా పేరుకుపోయే దాన్నే ప్లాంటులో మిల్క్ స్టోన్ అంటారు, దానికి నైట్రిక్ యాసిడ్ కావాలి. కాబట్టి వరస ఇలా ఉంటుంది: నీళ్లు, కాస్టిక్, నీళ్లు, యాసిడ్, నీళ్లు, పాలు నింపబోయే ముందు శానిటైజేషన్. మొదటి నీళ్లు గోరువెచ్చగా, 40 నుంచి 45 డిగ్రీల మధ్య చాలు. మరీ వేడి నీళ్లు పెడితే ప్రోటీను గోడ మీదే ఉడికి గట్టిపడుతుంది. కాస్టిక్ సాధారణంగా 1 నుంచి 1.5 శాతం, 70 నుంచి 75 డిగ్రీలు. నైట్రిక్ 0.5 నుంచి 1 శాతం, 60 నుంచి 65 డిగ్రీలు. చల్లటి పాలు మాత్రమే నిలవుండే సైలోకు యాసిడ్ రోజూ అక్కర్లేకపోవచ్చు. పాలు వేడెక్కే పాశ్చరైజరు కథ వేరు.

1959లో హెంకెల్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త హెర్బర్ట్ సిన్నర్ శుభ్రతకు నాలుగు అంశాలు చెప్పారు: రసాయనం, వేడి, సమయం, నీటి తాకిడి. ఒకటి తగ్గితే మిగతావి పెంచి సరిచేసుకోవచ్చు. ఈ సూత్రాన్ని చాలా ప్లాంట్లలో ఒక్క వైపు నుంచే వాడతారు. తాకిడి తక్కువైందని తెలియక, మరక పోలేదని కాస్టిక్ పెంచుతూ పోతారు. స్ప్రే బాల్ నుంచి నీళ్లు అందని మూలకు మూడు శాతం కాస్టిక్ వేసినా ఒరిగేదేమీ లేదు. అందుకే డోసింగ్ గురించి ఆలోచించే ముందు నీటి ప్రవాహం లెక్క తేల్చుకోవాలి.

నిలువు ట్యాంకుకు చుట్టుకొలతలో ప్రతి మీటరుకూ నిమిషానికి సుమారు 30 లీటర్లు పడాలి. మూడు మీటర్ల వ్యాసమున్న సైలో చుట్టుకొలత దాదాపు 9.4 మీటర్లు. అంటే నిమిషానికి 280 లీటర్ల పైచిలుకు, గంటకు 17 వేల లీటర్లు. పైపుల్లో వేగం సెకనుకు మీటరున్నర ఉండాలి. రిటర్న్ పంపు ఆ నీళ్లను అంతే వేగంగా లాగాలి, లేకపోతే అడుగున చెరువు కట్టి, ఆ నీళ్ల కింద ఉన్న గోడకు తాకిడే ఉండదు. స్ప్రే అన్ని చోట్లా తగులుతోందో లేదో తెలుసుకునే పరీక్ష ఒకటుంది, తప్పక చేయించండి. లీటరు నీళ్లకు 0.2 గ్రాముల రైబోఫ్లేవిన్, అంటే బి2 విటమిన్, కలిపి లోపలంతా చల్లుతారు. అది ఆరకముందే చల్లటి నీళ్లతో ఒకసారి రిన్స్ చేసి, లైట్లార్పి అల్ట్రావయొలెట్ దీపంతో చూస్తారు. నీళ్లు అందని చోట పసుపుపచ్చగా మెరుస్తుంది. మ్యాన్‌హోల్ మెడ లోపలి అంచు, ఆజిటేటరు రెక్కల అడుగు భాగం, లెవెల్ సెన్సరు వెనక వైపు ముందుగా చూడాల్సిన చోట్లు. ఆ మచ్చలు పోయాకే డోసింగ్ పంపుకు ఆర్డరు పెట్టండి.

క్యాన్ నుంచి ట్యాంకు దాకా

లెక్క చిన్నదే, కానీ చేతితో చేయండి. సర్క్యులేషన్‌లో వెయ్యి లీటర్ల నీళ్లున్నాయి, 1.5 శాతం కాస్టిక్ కావాలి. అంటే 15 కిలోల సోడియం హైడ్రాక్సైడు. మార్కెట్లో దొరికే 48 శాతం కాస్టిక్ ద్రావణంలో, అంటే లైలో, ఆ 15 కిలోలు రావాలంటే 31.25 కిలోల లై పోయాలి. దాని సాంద్రత దాదాపు 1.5, కాబట్టి సుమారు 21 లీటర్లు. గంటకు 300 లీటర్లు తోడే పంపుకు నాలుగు నిమిషాల పైన కొద్ది సెకన్లు పడుతుంది. ఈ నాలుగు నిమిషాల సంఖ్యను గుర్తుపెట్టుకోండి, ముందు ముందు దీనితో పని ఉంది. నిన్నటి ద్రావణం మిగిలి ఉండి, బలం 1.2 శాతానికి పడిపోయి ఉంటే కావాల్సింది మూడు కిలోలే, అంటే సుమారు నాలుగు లీటర్ల లై.

ఆదిలాబాద్ లాంటి చోట్ల చలికాలం రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోతుంది. గాఢమైన లై 12 డిగ్రీల దగ్గరే స్ఫటికాలు కట్టడం మొదలెడుతుంది. జూన్‌లో చక్కగా నడిచిన పంపు డిసెంబరులో మొరాయించిందంటే ముందు గొట్టాన్ని తడిమి చూడాలి. అలాంటి చోట లైని డే ట్యాంకులో 20 శాతానికి పలచన చేసి వాడటం మేలు, గడ్డకట్టే బెడద ఉండదు. కాకపోతే అదే 15 కిలోలకు 21 లీటర్ల బదులు 60 లీటర్లకు పైగా తోడాలి కాబట్టి పంపు సైజు పెరుగుతుంది. పలచన చేసేటప్పుడు నీళ్లలోకి లై నెమ్మదిగా పోయాలి. లైలోకి నీళ్లు పోస్తే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది.

రెండు పంపులూ ఒకే మోడల్ కొంటే స్పేర్లు కలిసొస్తాయని స్టోర్స్ వాళ్లు అంటారు. ఒప్పుకోకండి. కాస్టిక్ పంపు తలకు పీవీడీఎఫ్ పనికిరాదు, గాఢ క్షారంలో పగుళ్లిస్తుంది. గాఢ నైట్రిక్‌కు పాలీప్రొపిలీన్ పనికిరాదు. కాస్టిక్ లైన్లో అల్యూమినియం గానీ జింకు పూత ఇనుము గానీ ఎక్కడా ఉండకూడదు. లోహం కరగడంతో పాటు హైడ్రోజన్ కూడా పుడుతుంది. హైడ్రోక్లోరిక్ యాసిడ్ చవకే, అయినా స్టెయిన్‌లెస్ స్టీలు దగ్గరికి రానివ్వకండి. క్లోరైడు ఆ స్టీలుకు చిల్లులు పెడుతుంది.

పంపు ఆగి ఉన్నా క్యాన్ ఖాళీ అయిపోవడం ఇంకో చిక్కు. ట్యాంకు కింద, క్యాన్ పైన ఉంటే సైఫన్ అయి మందంతా దానంతటదే జారిపోతుంది. ఇంజెక్షన్ పాయింటు దగ్గర స్ప్రింగుతో నడిచే బ్యాక్ ప్రెషర్ వాల్వు పెడితే ఆగుతుంది. దాని ఖరీదు చూసి కొటేషన్‌లోంచి తీసేసేవాళ్లుంటారు, తియ్యనివ్వకండి. సక్షన్ వైపు కొలగీతలున్న పారదర్శక గొట్టం ఒకటి పెట్టించండి. నెలకోసారి పంపును ఆ గొట్టం నుంచి నిమిషంపాటు తోడించి, నిజంగా ఎంత తోడుతోందో చూసుకోవచ్చు.

కొలత ఏం చెబుతుంది, ఏం చెప్పదు

మందు బలాన్ని కండక్టివిటీతో కొలుస్తాం. గది ఉష్ణోగ్రతలో ఒక శాతం కాస్టిక్ సెంటీమీటరుకు సుమారు 50 మిల్లీసీమెన్స్ చూపిస్తుంది. ద్రావణం వేడెక్కే కొద్దీ ఇది డిగ్రీకి రెండు శాతం చొప్పున పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర చూపించినది 75 డిగ్రీల దగ్గర దాదాపు రెట్టింపవుతుంది. ఉష్ణోగ్రత సవరణ ఆన్ చెయ్యకుండా వదిలేస్తే, ట్యాంకులో ముప్పాతిక శాతమే ఉన్నా మీటరు ఒకటిన్నర అంటుంది. ఎలక్ట్రోడ్లు బయటికి కనిపించే సెన్సరుకు పాల జిడ్డు పట్టి రీడింగు పడిపోతుంది, అందుకే తీగచుట్టలు లోపల దాగి ఉండే ఇండక్టివ్ సెన్సరు తీసుకోవాలి.

ఒక శాతం నైట్రిక్ యాసిడ్ కూడా ఇంచుమించు అదే రీడింగు ఇస్తుంది. కాస్టిక్ పడాల్సిన చోట యాసిడ్ పడినా మీటరుకు తేడా తెలియదు, ప్రోగ్రాము హాయిగా ముందుకు సాగిపోతుంది. ఈ ఒక్క సంగతి గ్రహిస్తే మీ డిజైన్ సగం మారిపోతుంది. రెండు మందుల గొట్టాలకు ఒకదానికొకటి సరిపోని కప్లింగులు పెట్టండి. క్యాన్లు గదికి ఆ చివరొకటి, ఈ చివరొకటి ఉంచి, విడివిడి గట్లు కట్టండి. వీలైతే రిటర్న్ లైన్లో ఒక పీహెచ్ సెన్సరు పెట్టి, క్షారమా ఆమ్లమా అన్నది మాత్రం దానితో తేల్చుకోండి. సోడియం హైపోక్లోరైటు వాడే ప్లాంటైతే దాన్ని యాసిడ్‌కు ఇంకా దూరంగా ఉంచాలి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, అది ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. రెండు వాల్వులూ ఒకేసారి తెరుచుకోకుండా ప్రోగ్రాములో తాళం వెయ్యడం అవసరమే, దాంతో సరిపెట్టుకోకూడదు. ప్రోగ్రామును రేపు ఎవరైనా మార్చవచ్చు. సరిపోని కప్లింగును మార్చాలంటే స్పానరు పట్టుకోవాలి, అక్కడైనా ఆగి ఆలోచిస్తారు.

కాస్టిక్ గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి నెమ్మదిగా సోడియం కార్బొనేటు అవుతుంది. అది కూడా కరెంటును మోస్తుంది, కొవ్వును విడగొట్టే బలం మాత్రం తక్కువ. రోజుల తరబడి అదే ద్రావణాన్ని తిప్పి వాడితే మీటరు బలం ఉందంటుంది, మరక పోదు. కాబట్టి వారానికోసారైనా ల్యాబులో టైట్రేషన్ చేయించండి. పది మిల్లీలీటర్ల ద్రావణంలో రెండు చుక్కల ఫినాల్ఫ్తలీన్ వేసి, 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో గులాబీ రంగు పోయేదాకా చుక్క చుక్కగా వదలాలి. ఖర్చయిన ప్రతి మిల్లీలీటరుకూ 0.04 శాతం లెక్క. 1.5 శాతానికి 37.5 మిల్లీలీటర్లు పట్టాలి. ఆ అంకెనూ మీటరు అంకెనూ పక్కపక్కన రాయండి. రెండింటి మధ్య దూరం వారం వారం పెరుగుతుంటే ద్రావణం మార్చే రోజు వచ్చినట్టే.

ఇక మందు పడే తీరు. కొత్తగా ప్రోగ్రాము రాసేవాళ్లు సెన్సరు 1.5 శాతం చూపించేదాకా పంపు నడవాలని రాస్తారు. వెయ్యి లీటర్ల నీళ్లు గంటకు 17 వేల లీటర్ల వేగంతో ఒక చుట్టు తిరగడానికి మూడున్నర నిమిషాలు పడుతుంది. పంపు పోసిన మందు రిటర్న్ సెన్సరు దాకా వచ్చేసరికి పంపు ఇంకా బోలెడు పోసేసి ఉంటుంది. పులుసులో ఉప్పు వేసి, కలిపి, ఒక పొంగు రానిచ్చాకే కదా రుచి చూస్తాం. ఇక్కడా అంతే. లెక్క ప్రకారం కావాల్సిన దాంట్లో నూటికి ఎనభై వంతులు ఒక్కసారి పోయించండి. రెండు చుట్లు తిరగనివ్వండి. అప్పుడు చూసి, లోటును చిన్న చిన్న మోతాదుల్లో పూడ్చండి. 1.4కీ 1.6కీ మధ్య ఎక్కడున్నా పంపు జోలికి పోకూడదు.

ఆ నాలుగు నిమిషాల సంఖ్య ఇప్పుడు కావాలి. పూర్తి మోతాదుకు నాలుగు నిమిషాలు చాలినప్పుడు, పంపు మొత్తం ఆరు నిమిషాలు నడిచినా సెన్సరు తగిన అంకె చూపించకపోతే ఎక్కడో తేడా ఉన్నట్టే. పంపు ఆగాలి, అలారం మోగాలి. హైపోక్లోరైటు పంపులో ఇది తరచూ జరుగుతుంది. ఆ ద్రావణం నుంచి వాయువు వెలువడి పంపు తలలో చేరుతుంది, ఎండాకాలంలో మరీ ఎక్కువ. గాలిని బయటికి వదిలే తల ఉన్న పంపు గానీ, గొట్టాన్ని రోలర్లతో నొక్కి తోడే పెరిస్టాల్టిక్ పంపు గానీ తీసుకుంటే ఆ గొడవ తగ్గుతుంది.

టైమరు ఎప్పుడు మొదలవ్వాలన్నది ఈ అధ్యాయానికి గుండెకాయ. కాస్టిక్ పది నిమిషాలు తిరగాలని రాసి ఉంటే ఆ పది నిమిషాలు పంపు ఆన్ అయిన క్షణం నుంచి కాదు. రిటర్న్ లైన్లో ఉష్ణోగ్రత 70 దాటాలి, బలం 1.4 దాటాలి, ప్రవాహం సరిపడా ఉండాలి. మూడూ కుదిరాకే లెక్క మొదలు. మధ్యలో ఏ ఒక్కటి పడిపోయినా టైమరు అక్కడే ఆగి ఎదురుచూడాలి. ఆవిరి తక్కువైన రాత్రి వాష్ ఇరవై నిమిషాలు ఆలస్యమవుతుంది. ప్రొడక్షన్ వాళ్లు మీ మీదికి వస్తారు, "టైము పెరిగింది, టైమరు మార్చెయ్" అంటారు. మెత్తబడకండి. ఆ ఇరవై నిమిషాలు బాయిలరు దగ్గర పోగొట్టుకున్నవి. మీ ప్రోగ్రాము వాటిని బయటపెట్టింది, అంతే. ఆ రోజు ట్రెండు గ్రాఫు తీసి ఆవిరి పడిపోయిన సమయం చూపిస్తే మాటామాటా పెరక్కుండా విషయం బాయిలర్ హౌసుకు చేరుతుంది. ఇంజనీరుకు కావాల్సిన ధైర్యం చాలావరకు ఇలాంటి కాగితాల నుంచే వస్తుంది.

చివరి రిన్స్ ముగిసిందని తేల్చడానికి ఒక స్థిరమైన అంకె పెట్టుకోకండి. మన బోరు నీళ్లలో లవణాలు ఊరికో తీరు, అదే బోరులో ఎండాకాలం ఒక తీరు. లోపలికి వెళ్లే నీళ్ల కండక్టివిటీనీ బయటికి వచ్చేదాన్నీ పోల్చి, రెండూ దాదాపు ఒకటయ్యాకే ఆపాలి. యాసిడ్ లేకుండా కాస్టిక్‌తోనే ముగిసిన వాష్ అయితే, ఆ నీళ్లలో ఒక చుక్క ఫినాల్ఫ్తలీన్ వేస్తే రంగు రాకూడదు.

ట్యాంకు నలిగిపోకుండా

70 డిగ్రీల కాస్టిక్‌తో వేడెక్కిన ట్యాంకు లోపల ఆవిరి నిండి ఉంటుంది. దాని మీద ఒక్కసారిగా చల్లటి నీళ్లు చల్లితే ఆవిరి నీరై లోపల శూన్యం ఏర్పడుతుంది. బయటి గాలి చదరపు మీటరుకు దాదాపు పది టన్నుల బరువుతో నొక్కుతుంది. పల్చటి స్టీలు గోడ క్షణాల్లో లోపలికి కుంగుతుంది. సంగారెడ్డి వైపు బీరు ఫ్యాక్టరీల్లో పనిచేసేవారికి ఇంకో ప్రమాదం తోడవుతుంది. ట్యాంకులో మిగిలిన కార్బన్ డయాక్సైడును కాస్టిక్ పీల్చేసుకుంటుంది, వేడి లేకపోయినా శూన్యం పుడుతుంది. వెంట్ తెరిచి ఉందని చెప్పే స్విచ్ లేకుండా వాష్ మొదలవ్వకూడదు. వెంట్ పైపు సైజును చల్లటి నీళ్ల ప్రవాహాన్ని బట్టి లెక్కగట్టించండి. కాస్టిక్ తర్వాత నేరుగా చల్లటి నీళ్లకు వెళ్లకుండా మధ్యలో గోరువెచ్చటి రిన్స్ పెట్టండి.

అలారాల భాష గురించి కూడా చెప్పాలి. "ఫాల్ట్ 17" అని తెర మీద పడితే రాత్రి షిఫ్టులో ఆపరేటరు దాన్ని రీసెట్ చేస్తారు, మళ్లీ వస్తే మళ్లీ రీసెట్ చేస్తారు, మూడోసారి మాన్యువల్‌లోకి మార్చేస్తారు. తప్పు ఆయనది కాదు. "కాస్టిక్ క్యాన్ ఖాళీ. కొత్తది పెట్టి, గొట్టంలో గాలి తీసి, ఆకుపచ్చ బటన్ నొక్కండి" అని తెలుగులో రాయించండి. ఏ అలారం వారంలో ఎన్నిసార్లు వచ్చిందో ప్రతి సోమవారం చూసి, ఎక్కువసార్లు వచ్చినదాని కారణాన్ని వెతికి తీసేయండి. అబద్ధపు అలారాలు తగ్గితేనే మనుషులు నిజమైనదాన్ని పట్టించుకుంటారు.

అప్పగించే రోజున అన్నీ సవ్యంగా నడిచే వాష్ చూపించి చేతులు కలపడం ఆనవాయితీ. మీరు వేరే పద్ధతి పెట్టుకోండి. వట్టి నీళ్లు తిరుగుతుండగా సక్షన్ గొట్టాన్ని క్యాన్ లోంచి బయటికి తీయండి. పంపు నడిచిన సమయం మొత్తం ఆరు నిమిషాలు కాగానే యంత్రం ఆగాలి. ఆవిరి వాల్వు కట్టేయండి, టైమరు కదలకూడదు. సెన్సరును విప్పి బకెట్టు నీళ్లలో ముంచండి, వాష్ పూర్తయిందని చూపించకూడదు. వెంట్ స్విచ్ తీగ ఊడదీయండి, స్టార్ట్ బటన్ పనిచేయకూడదు. యాసిడ్ గొట్టాన్ని కాస్టిక్ కప్లింగుకు తగిలించమని ఫిట్టర్‌ను అడగండి, తగలకూడదు. ఈ పరీక్షలన్నీ రాత్రి షిఫ్టు ఆపరేటర్ల చేతే చేయించి, వాళ్ల సంతకాలు తీసుకోండి. ఆరు నెలలకోసారీ, సెన్సరు మార్చినప్పుడల్లా, ప్రోగ్రాములో ఒక్క లైను దిద్దినా మళ్లీ చేయించాలి. ఆ తేదీల కాగితాన్ని ప్యానెల్ తలుపుకు లోపలి వైపు అంటించి ఉంచండి.